రికార్డు రూము ఖాళీ చేసేముందు ప్రతి కాగితాన్నీ వెనక్కి తిప్పి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు, 22 మంది సిబ్బంది. కొత్తగా వచ్చిన మేనేజరు గారు ఏప్రిల్ నుంచి ఆఫీసులో కాగితం కనపడకూడదన్నారు. రెండు గదుల నిండా ఉన్న పాత ఫైళ్లు, బాండ్లు, రిజిస్టర్లు స్కానింగ్ చేయించి, ఆ తర్వాత తూకానికి వేసేయాలట. మూడు ప్రింటర్లలో రెండు తీసేస్తారట. రికార్డు చూసేది మీరు. "కాస్త ఆగుదాం సార్" అన్నందుకు మీకు కంప్యూటరంటే భయం అన్నారట. ఆయన మాట సబబా, మీ అనుమానం సబబా అని మీ ప్రశ్న.

ముందు ఒక్క మాట: ఏప్రిల్ లోపల ఒక్క కట్ట కూడా బయటికి పోనివ్వకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను 1987లో రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. 33 ఏళ్ల ఉద్యోగంలో 19 ఏళ్లు రికార్డు రూములోనే గడిచాయి. రిటైరయ్యాక గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మిల్లులకీ, గిడ్డంగులకీ రికార్డు సర్దిపెట్టే పని చేస్తున్నాను. పచ్చ నోట్ షీటు మీద సిరాపెన్నుతో నోటు రాసిన రోజులూ చూశాను, ఈ-ఆఫీసులో (ప్రభుత్వ ఫైళ్లు నడిపే సాఫ్ట్‌వేర్) పసుపు నోటు రాసుకుని, దిద్దుకుని, ఖాయం చేశాక పచ్చ నోటుగా మారడమూ చూశాను. (ఆ రంగులు అలాగే ఉంచిన వాళ్లెవరో గానీ, గుమాస్తా కంటికి ఏది అలవాటో తెలిసినవాళ్లు.) కంప్యూటర్ వచ్చాక పని తగ్గిందనే నేను నమ్ముతాను. అంచేత మీ మేనేజరు గారి మీద నాకు కోపం లేదు. ఆయన తొందరపాటు ఒక్క చోటే ఉంది. మీ రెండు గదుల్లో ఉన్నదంతా ఒకటే జాతి కాగితం అనుకుంటున్నారు.

నేను చేరిన మొదటి నెలలో మా సూపరింటెండెంటు గారు ఏ కాగితం చేతికిచ్చినా ఒకటే ప్రశ్న అడిగేవారు: "దీని అసలు ఎక్కడుంది?" చేతిలో ఉన్నది అసలా, నకలా, చిత్తా? అది తేలితే ఆ కాగితాన్ని ఏం చెయ్యాలో సగం తేలిపోయినట్టే. ఈ నలభై ఏళ్లలో దీనికి మించిన ప్రశ్న నాకు దొరకలేదు. కంప్యూటర్లు వచ్చాక దీని అవసరం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు అసలు కాగితంలో ఉండొచ్చు, కంప్యూటర్లో ఉండొచ్చు. ఎక్కడుందో తేల్చకుండా రెండో దాన్ని పారేస్తే, పారేసింది అసలే కావొచ్చు.

మీ ఆఫీసునే తీసుకుందాం. రైతు 60 టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చి మీ దగ్గర పెడతాడు. కాటా చీటీ చూసి మీరు బాండు, అంటే సరుకు పెట్టుకున్నట్టు రశీదు, రాస్తారు: లాటు నంబరు, మిర్చి రకం తేజానా బాడిగానా, టిక్కీలెన్ని, ఏ ఛాంబరు. ఆ బాండు తీసుకెళ్లి బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. సరుకు తీసుకునేటప్పుడు ఆ బాండు మీకు చూపించాలి, ఎన్ని టిక్కీలు వెళ్లాయో దాని మీద రాయాలి, చివరికి అది మీకు అప్పగించాలి. ఆ కాగితం సరుకు గురించిన కబురు మాత్రమే అయితే దాని ఫొటో సరిపోయేది. కానీ సరుకు మీద హక్కే ఆ కాగితంతో పాటు నడుస్తోంది. బాండు ఎవరి దగ్గరుందన్నదే అక్కడ ప్రశ్న. స్కాన్ ఒకేసారి పదిమంది దగ్గర ఉండగలదు కాబట్టి అది ఆ పని చేయలేదు.

ఇది కంప్యూటర్‌తో కాని పనేం కాదు. డబ్ల్యూడీఆర్ఏ (గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థ) దగ్గర నమోదైన గిడ్డంగులకు 2017 నుంచి ఎలక్ట్రానిక్ రశీదులు ఉన్నాయి. అక్కడ అసలు, రిపోజిటరీ (ఆ రశీదుల ఖాతాలు చూసే సంస్థ) లెక్కల్లో ఉంటుంది. తాకట్టు పెట్టినా, చేతులు మారినా ఆ లెక్కలోనే నమోదవుతుంది. ప్రింటు తీస్తే అది ఉత్త నకలు. అంటే కాగితం నుంచి కంప్యూటర్లోకి అసలును మార్చే దారి ఉంది. అది చట్టం కట్టిన దారి, స్కానింగ్ మిషను కట్టింది కాదు. మీ స్టోరేజీ అందులో చేరితే కొత్త బాండ్లకు కాగితం అవసరమే ఉండదు. పాత బాండ్లు మాత్రం కాగితాలుగానే పుట్టాయి, వాటి పని తీరేదాకా కాగితాలుగానే ఉండాలి.

ప్రోనోటు కూడా అంతే. అడ్వాన్సు తీసుకున్న ముఠా మేస్త్రీలవో, రైతులవో ప్రోనోట్లు మీ బీరువాలో ఉండే ఉంటాయి. మన ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 2000లో వచ్చినప్పుడే కొన్ని పత్రాలకు ఈ చట్టం వర్తించదని అందులో రాశారు. ఇప్పుడు చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ (హక్కుతో సహా చేతులు మారే) పత్రాలు, పవర్ ఆఫ్ అటార్నీ, ట్రస్టు పత్రం, వీలునామా ఆ జాబితాలోవే. 2022లో కొంత సడలింపు ఇచ్చారు గానీ, ప్రోనోటు విషయంలో అది రిజర్వు బ్యాంకు లాంటి నియంత్రణ సంస్థల కింద పనిచేసే వాళ్లకు రాసిచ్చే డిమాండు నోట్ల కోసం. మీ ఆఫీసు బీరువాలో ఉన్న నోటుకు అది పనికిరాదు.

స్థలం దస్తావేజుల సంగతి మీకు తెలిసిందే. బ్యాంకులో టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసి లోను తెచ్చుకోవడం అంటేనే అసలు కాగితాలు వాళ్ల చేతికివ్వడం. రిజిస్ట్రేషన్ శాఖ మన రాష్ట్రంలో 1998లోనే కంప్యూటర్లలోకి వెళ్లింది, దస్తావేజులు చేత్తో పుస్తకాల్లోకి ఎక్కించే పని పోయింది. అయినా ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఇవాళ్టికీ సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఇండెక్సు పుస్తకాలు తిరగెయ్యాల్సిందే. మీ స్టోరేజీ కట్టిన స్థలం ఎప్పుడు కొన్నారో ఒకసారి చూడండి.

ఇప్పుడు నేను దగ్గరుండి చూసిన ఒక నష్టం చెప్తాను. నా శీర్షికలో మాట అక్కడినుంచే వచ్చింది. పేరెందుకు గానీ, వ్యాపార సంస్థ ఒకటి. ఇలాగే పేపర్‌లెస్ అని పూనుకుని, పాత రికార్డంతా స్కానింగ్ వాళ్లకు పేజీకి ఇంత అని ఒప్పందం ఇచ్చారు. వాళ్లు ఫీడర్లో వేసి చకచకా లాగించేశారు. బొమ్మలు శుభ్రంగా వచ్చాయి, పేర్లు పెట్టారు, హార్డ్ డిస్కు చేతికిచ్చారు. కాగితాలు లారీ ఎక్కాయి. ఏడాదిన్నర తర్వాత ఒక పార్టీతో బాకీ దగ్గర తగాదా వచ్చి నన్ను పిలిచారు. ప్రోనోటు స్కాన్ తెరిచి చూపించారు. ముందువైపు అంతా ఉంది: తేదీ, సొమ్ము, రెవెన్యూ స్టాంపు మీద సంతకం. "వెనక వైపు ఏది?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఒప్పందంలో ఒక వైపే అని ఉందట.

నోటు వెనక చెల్లు వేస్తారని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. "ఫలానా తేదీన ఇంత ముట్టింది" అని రాసి ఇచ్చినాయన సంతకం పెడతాడు. ప్రోనోటు మీద దావాకు గడువు 3 ఏళ్లు. ఆ మూడేళ్ల లోపల కొంత సొమ్ము చెల్లించి, చెల్లించిన మనిషి రాతతోనో సంతకంతోనో నమోదైతే, అక్కడినుంచి గడువు మళ్లీ మొదటికొస్తుంది. అంటే ఆ నోటుకు ప్రాణం ఉన్నది వెనక వైపున. దాన్నే వదిలేశారు. ముందువైపు తేదీ చూస్తే నోటుకు కాలం చెల్లిపోయింది. కాగితం పోయింది, చెల్లు పోయింది, బాకీ పోయింది.

మీ బాండ్లకూ వెనక వైపుంది. డెలివరీలన్నీ రాసేది అక్కడే కదా. రిజిస్టర్ల అట్ట లోపలి వైపున లాటు మార్పులు రాసుకునే అలవాటు మీ పాత గుమాస్తాలకు ఉందేమో కూడా చూడండి. ఫైలుకు గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీలు, మార్జిన్లో పెన్సిల్ గుర్తులు, ఎర్ర సిరా దిద్దుబాట్లు కూడా గమనించండి. నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఎర్ర సిరా, నీలం సిరా రెండూ ఒకటైపోతాయి, ఎవరు రాశారో ఎవరు దిద్దారో తేడా తెలియదు. లేత పెన్సిల్ అయితే అసలే రాదు.

మేనేజరు గారు దీనికి సమాధానంగా "రంగుల్లో, రెండు వైపులా చేయిద్దాం, అప్పుడు పారేయొచ్చు కదా" అనొచ్చు. నకలుగా అది మంచి నకలు అవుతుంది. కానీ కోర్టు దాకా వెళ్తే రెండు సంగతులు అడ్డొస్తాయి. మొదటిది సంతకం. "ఇది నా సంతకం కాదు" అని అవతలి మనిషి అంటే నిపుణుడి దగ్గరికి పంపుతారు. ఆయన చూసేది సంతకం ఆకారం ఒక్కటే కాదు. పెన్ను ఎక్కడ నొక్కారు, ఎక్కడ ఆగింది, గీత వణికిందా, సిరా ఎలా పడింది అని చూస్తాడు. కాగితం మీద పడిన నొక్కు స్కాన్‌లో ఉండదు. రెండోది, అసలు ఏమైందన్న ప్రశ్న. అసలు పోయినప్పుడు, పాడైపోయినప్పుడు నకలును సాక్ష్యంగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ ఏర్పాటు కొనసాగింది. కానీ తగాదా రావచ్చని తెలిసిన కాగితాన్ని మన చేతులతో మనమే తూకానికి వేసి, "పోయిందండీ" అని నిలబడితే, అవతలి వకీలు ఊరుకుంటాడా?

కంప్యూటర్ రికార్డు చూపించాలన్నా ఊరికే ప్రింటు తీసుకెళ్తే సరిపోదు. అదే చట్టం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. కాబట్టి స్కానింగ్ చేయించిన రోజే ఎవరు చేశారు, ఏ మిషను, ఏ తేదీ, ఎన్ని పేజీలు అన్నది ఒక పుస్తకంలో ఎక్కించి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి. మీ ఆఫీసులో జీతాల రిజిస్టర్లు ఎప్పటినుంచి ఉన్నాయి? అవి ముట్టుకోనివ్వకండి. 2022 నవంబర్ 4న సుప్రీంకోర్టు పీఎఫ్ ఉద్యోగుల పెన్షన్ పథకంలో ఎక్కువ పెన్షన్ విషయంలో తీర్పిచ్చాక ఏమైందో చాలామందికి తెలుసు. అసలు జీతం మీద పెన్షన్ కావాలని ఆప్షన్ పెట్టుకున్న ఉద్యోగులకు, పాత ఏళ్ల జీతాల లెక్క సంస్థలు నెలవారీగా చూపించాల్సొచ్చింది. పథకం మొదలైంది 1995 నవంబర్ 16న. అంటే దాదాపు ముప్ఫై ఏళ్ల నాటి కాగితాలు. 2023లో ఒక స్పిన్నింగ్ మిల్లు వాళ్లకు నేనీ పని చేసిపెట్టాను. సాఫ్ట్‌వేర్లో 2009 నుంచే లెక్క ఉంది. అంతకు ముందుది వేరే ప్యాకేజీలో ఉండేది, ఆ ప్యాకేజీ చేసిన మనిషే ఇప్పుడు లేడు. పాత జీతాల రిజిస్టర్లు మాత్రం గోనెసంచుల్లో, జిన్నింగ్ షెడ్డు పక్క గదిలో దొరికాయి. రెండు పుస్తకాలకు చెద పట్టింది. మిగతావి పట్టుకుని ఐదు వారాలు కూర్చున్నాం. సంచి విప్పినప్పుడు దాని పక్కనే నిలబడ్డ ఒక రిటైరైన ఫిట్టరు తన పేరు తాను వెతుక్కుని, వేలు పెట్టి చూపించాడు. ఆ వేలిముద్ర రిజిస్టర్లో కూడా ఉంది, జీతం పుచ్చుకున్నందుకు. ఆ మిల్లు యజమాని కూడా అంతకు రెండేళ్ల ముందు వాటిని అమ్మేద్దామనే అనుకున్నాడట.

ఇంతవరకూ కాగితం వైపు మాట్లాడాను. ఇప్పుడు మీకు కూడా కొంచెం కష్టం కలిగించే మాట చెప్పాలి. కంప్యూటరే అసలైన రికార్డులు ఇవాళ మీ ఆఫీసులో చాలా ఉన్నాయి, వాటిని మనలాంటివాళ్లం ప్రింటు తీసి ఫైలు చేసి, "భద్రంగా ఉంది" అనుకుంటున్నాం. అది భద్రం కాదు.

డిజిటల్ సంతకం పెట్టిన పీడీఎఫ్ ఉంటుంది. కంప్యూటర్లో తెరిస్తే సంతకం సరైనదో కాదో, పెట్టాక ఒక్క అక్షరమైనా మారిందో లేదో అదే చెబుతుంది. ప్రింటు తీసిన మరుక్షణం ఆ శక్తి పోతుంది. కాగితం మీద మిగిలేది పేరూ తేదీ ఉన్న ఒక పెట్టె బొమ్మ. ప్రింటు దాచి, మెయిల్లో వచ్చిన ఫైలు తుడిచేసిన ఆఫీసులు నాకు తెలుసు. వాళ్లు నకలు దాచి అసలు పారేశారు, పైన చెప్పిన ప్రోనోటు కథకు సరిగ్గా తిరగేసిన కథ. ఈ-ఇన్వాయిస్ కూడా అంతే. దాని ప్రాణం పోర్టల్ ఇచ్చిన ఐఆర్ఎన్ (ఇన్వాయిస్ నమోదు నంబరు)లో, సంతకం ఉన్న క్యూఆర్‌లో ఉంది, మీ ప్రింటు కాగితంలో లేదు. డిజీలాకర్‌లో ఆ శాఖ నేరుగా జారీచేసిన పత్రం అసలుతో సమానం. మనమే స్కాన్ చేసి అందులోకి ఎక్కించుకున్నది మాత్రం ఉత్త స్కానే. ఉద్యోగంలో చేరేవాళ్ల సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఈ తేడా గమనించండి.

అలాంటి వాటికి ప్రింటు ఆపేయండి. ఫైలును ఫైలుగానే మూడు చోట్ల ఉంచండి, ఒకటి ఊరవతల ఉండాలి. ఏడాదికోసారి కొన్ని తెరిచి చూడండి. తెరిచి చూడమని ఎందుకంటున్నానో మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2000 ప్రాంతంలో మన ఆఫీసుల్లో తెలుగంతా అను ఫాంట్లలో, శ్రీలిపిలో టైపు చేసుకున్నాం. ఆ ఫైళ్లు ఇవాళ తెరిస్తే ఏముంటుంది? ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన కిచిడీ. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఒక్క ముక్క చదవలేం. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చి, మెల్లగా అందరూ యూనికోడ్‌కి మారాక ఆ బాధ తీరింది గానీ, మధ్యలోని పదిహేనేళ్ల తెలుగు ఉత్తరాలు, ఒప్పందాలు, తీర్మానాలు అలా చిక్కుకుపోయాయి. అప్పట్లో తీసిన ప్రింట్లు మాత్రం ఇవాళ కూడా అద్దాలు పెట్టుకుని చదువుకోవచ్చు. మీ హార్డ్ డిస్కుల్లో అలాంటివి ఉంటే ఇప్పుడే, ఆ ఫాంట్లు ఎక్కించిన పాత కంప్యూటర్ ఒకటి ఇంకా పనిచేస్తుండగానే, ప్రింటు తీసి, పీడీఎఫ్‌లో ఫాంటుతో సహా దాచి పెట్టుకోండి. కాగితం కంప్యూటర్‌ను కాపాడే సందర్భం ఇది.

అసలూ నకలూ కాని మూడో రకం చిత్తు కాగితం. మీ మేనేజరు గారికి కోపం వచ్చేది ఎక్కువగా దీన్ని చూసే అయ్యుంటుంది. మెయిల్ వస్తే ప్రింటు, దాని మీద సంతకం, మళ్లీ స్కాన్, మళ్లీ మెయిల్. సెలవు చీటీ, రోజువారీ స్టాకు నివేదిక మూడు కాపీలు, కంప్యూటర్లో ఉన్నదే మళ్లీ చేత్తో రాసే రిజిస్టరు. ఇవన్నీ మొహమాటం లేకుండా ఆపేయండి. ఇక్కడ ఆయన నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఒకే సంగతి రెండు చోట్ల రాస్తే రెండూ ఒకటిగా ఉండవు, తగాదా వచ్చినప్పుడు ఏది నమ్మాలో తెలియదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ బ్యాంకు చెక్కు. పూర్వం చెక్కు కాగితమే ఊరూరా తిరిగేది. 2008లో ఢిల్లీలో మొదలై, 2011లో చెన్నైకి వచ్చిన సీటీఎస్ పద్ధతిలో, మీరు చెక్కు వేసిన బ్యాంకులోనే కాగితం ఆగిపోతుంది, దాని బొమ్మ ముందుకు వెళ్తుంది. చెక్కు రద్దవలేదు, దాని తిరుగుడే రద్దయింది. మీ ఆఫీసులో కూడా చాలా కాగితాలకు ఇదే చాలు. రైతు అప్పగించిన బాండు కౌంటర్ బీరువాలోంచి కదలకూడదు. అకౌంట్సుకు, మేనేజరు గారి గదికి, ఆడిటరుకు బొమ్మ వెళ్లాలి.

అయితే చిత్తులో కూడా కొంత ఉండనివ్వాలి. ఛాంబరులో చలి నాలుగు నుంచి ఎనిమిది డిగ్రీలు, చేతులకు తొడుగులు, గాలిలో మిర్చి ఘాటు, ఒక్కోచోట ఫోను సిగ్నలుండదు. అక్కడ టిక్కీలు లెక్కపెట్టే మనిషికి టాబ్లెట్ ఇస్తే రెండోరోజు పక్కన పెట్టేస్తాడు. అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం, తాడుకు కట్టిన పెన్సిల్ ఇవ్వండి. సాయంత్రం కంప్యూటర్లో ఎక్కించాక ఆ చీటీలు స్టాకు తేలేవరకు ఉంచి పారేయొచ్చు. అలాగే ఏడాది చివర ఆడిట్‌కి ముందు పొడవాటి స్టాకు పట్టిక సరిచూసేటప్పుడు నేనైతే ప్రింటే తీస్తాను. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టుకుని, స్కేలు కింద వరస జరుపుతూ, తేలని చోట సున్నా చుట్టుకుంటూ పోతే తప్పు దొరుకుతుంది. తెరమీద పైకీ కిందకీ జరుపుకుంటూ పోతే కన్ను జారిపోతుంది. ఇది వయసు వల్ల అనుకోకండి, నా దగ్గర పనిచేసే పాతికేళ్ల అమ్మాయి కూడా అలాగే చేస్తుంది. ఆ రెండు ప్రింటర్లు తీసేయండి గానీ ఉన్న ఒక్కటీ లేజరు ప్రింటరు అయ్యేట్టు చూసుకోండి. దానికి కారణం కింద చెప్తాను.

వానలూ వరదల గురించి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. సర్వర్లు ఎక్కడో భద్రంగా ఉన్నా మా చేతికి అందవు. అప్పుడు బియ్యం, పాలు పంచింది ఠావు కాగితాల మీద గీతలు గీసుకుని, పేరూ వేలిముద్రా తీసుకునే. ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసింది ప్రింటు తీసి పెట్టుకున్న పాత జాబితాల వల్ల. 2024 జులై 19న ఒక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పి ప్రపంచమంతా లక్షల కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు, హైదరాబాద్‌తో సహా మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, గుర్తుందా? చేత్తో రాయడానికి ఖాళీ ఫారాలు అక్కడ ఉన్నాయి కాబట్టి విమానాలు కొన్నయినా కదిలాయి. మీరూ ఒక వంద ఖాళీ బాండు ఫారాలు, గేట్ పాసు పుస్తకం ఒకటి నంబర్లు వేసి బీరువాలో పెట్టుకోండి. మిర్చి సీజన్లో సర్వరు ఆగితే లారీలు రోడ్డు మీద ఆగవు కదా.

కానీ అదే 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు కాగితం ఎంత నిస్సహాయమైనదో కూడా చూశాను. సింగ్‌నగర్ వైపు ఒక వ్యాపారి లెక్కల పుస్తకాలు నాలుగు రోజులు నీళ్లలో నానాయి. స్కానులు లేవు. మేం చేయగలిగింది, పుస్తకాలు ఎండలో పెట్టకుండా నీడలో ఫ్యాను కింద, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఆరబెట్టడం. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. బాల్ పెన్ను రాత నిలిచింది. సిరాపెన్ను రాత కరిగి నీలం మరకైంది. లేజరు ప్రింటు నిలిచింది, ఇంక్‌జెట్ ప్రింటు చెదిరిపోయింది. అందుకే లేజరు అన్నాను. ఆయనకు స్కాన్ ఉండుంటే సగం ఏడుపు తగ్గేది. కోల్డ్ స్టోరేజీకి నీళ్ల కన్నా నిప్పు భయం ఎక్కువ, మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని అసలు కాగితాలన్నిటికీ స్కాన్ చేయించాల్సిందే. పారేయడానికని కాదు, తగలబడితే ఏం పోయిందో అయినా తెలియడానికి.

ఆచరణలోకి వద్దాం. మా రెవెన్యూ ఆఫీసుల్లో ఫైలు ముగిసినప్పుడే దాని ఆయుష్షు రాసేవాళ్లం. ఆర్.డిస్. అంటే ఎప్పటికీ ఉండాలి, డి.డిస్. అంటే పదేళ్లు, ఎల్.డిస్. అంటే ఏడాది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి టాటెన్‌హామ్ విధానం అది. మీరూ మీ కట్టల మీద అలా రాసుకోండి. కంపెనీ అయితే ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ కాగితాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. తగాదా, అప్పీలు నడుస్తుంటే అది తేలేవరకు ముట్టుకోకూడదు. స్థలం, కట్టడం, లైసెన్సు, జీతాల రికార్డు ఎప్పటికీ. బాండ్లు, నోట్లు లెక్క తేలి, గడువులన్నీ దాటాక.

స్కానింగ్ వాళ్లకు ఇచ్చే ఒప్పందంలో ఇవి రాయించండి: రంగుల్లో, 300 డీపీఐకి తగ్గకుండా, ఖాళీగా కనిపించినా సరే రెండు వైపులా, పీడీఎఫ్/ఏ (ఎక్కువకాలం దాచడానికి చేసిన పీడీఎఫ్ రకం) పద్ధతిలో. కట్ట ఇచ్చేటప్పుడు పేజీల లెక్క, తీసుకునేటప్పుడు బొమ్మల లెక్క, రెండూ సరిపోవాలి. పదో వంతు కాగితాలు మీరే కూర్చుని బొమ్మతో పోల్చి చూడండి. ఫైలు పేర్లు లాటు నంబరు, సీజను ఏడాది ప్రకారం పెట్టించండి. "స్కాన్0047" అని ఉంటే ఆ బొమ్మ ఉన్నా లేనట్టే. థర్మల్ కాగితం మీద వచ్చిన కాటా చీటీలు, పెట్రోలు బిల్లులు ముందు చేయించండి, వేడికి అవి తెల్లకాగితాలైపోతాయి. దస్తావేజులకు మాత్రం ఎవరు ఎంత మంచిమాటలు చెప్పినా లామినేషన్ చేయించకండి. ఒకసారి ప్లాస్టిక్ అంటుకుంటే ముద్ర, స్టాంపు, కాగితం ఏదీ సరిగ్గా పరీక్షించడానికి వీలుండదు, విడదీయబోతే చిరిగిపోతుంది.

చివరికి పారేయాల్సినవి మిగులుతాయి, చాలానే మిగులుతాయి. వాటిని పాత కాగితాల వాళ్లకు అలాగే వేయకండి. మీ ఫైళ్లలో రైతుల ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలు ఉంటాయి. ఒకసారి బస్టాండులో నేను కొన్న బఠాణీల పొట్లం విప్పితే ఒక పెద్దావిడ పెన్షన్ దరఖాస్తు, ఫొటోతో సహా. ఆ కాగితం ఇంటికి తెచ్చి నేనే కాల్చేశాను. ముక్కలు చేసే మిషను కొనండి, లేదా దగ్గరుండి గుజ్జు మిల్లుకు పంపండి. ఏ కట్ట, ఏ తేదీన, ఎవరి సంతకంతో పోయిందో ఒక రిజిస్టర్లో రాసి, మేనేజరు గారి చేత సంతకం పెట్టించండి.

సోమవారం ఆయన గదిలోకి వెళ్లేటప్పుడు వాదన తీసుకెళ్లకండి. తీసుకెళ్లాల్సినవి రెండే: డెలివరీలు రాసి ఉన్న పాత బాండు ఒకటి, డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్ ప్రింటు ఒకటి. బాండును వెనక్కి తిప్పి చూపించండి. పీడీఎఫ్‌ను ఆయన కంప్యూటర్లోనే తెరిచి, ప్రింటు పక్కన పెట్టండి. ఆయన తెలివైన మనిషే అయ్యుంటారు, పట్టుకుంటారు. ఆ తర్వాత పదేళ్ల పైబడి డెలివరీ పూర్తయి, బాకీలేం లేని బాండ్ల కట్టతో మొదలుపెట్టండి, అది అన్నిటికన్నా తేలిక. ఏదైనా కాగితం దగ్గర తేల్చుకోలేకపోతే రైతు పేరు కనపడకుండా మూసి, రెండు వైపులా ఫొటో తీసి పంపండి, చూసి చెప్తాను.